చివరి పరంజా కన్నం

మా నాన్న తాపీ మేస్త్రి. మొన్న డిసెంబరులో పోయారు. ఆఖరి వారం జ్వరంలో ఒకటే మాట: "చీడికాడ దారిలో బెల్లం పాక. ఒక పరంజా కన్నం మూయలేదురా."

పరంజా కర్రల కోసం గోడలో కన్నాలు వదులుతారు. పని అయ్యాక పరంజా విప్పుతూ, పైనుంచి కిందికి ఒక్కొక్కటే ఇటుక ముక్కతో, సున్నంతో మూస్తూ వస్తారు. చివరిదొకటి మిగిలి ఉండగా అనకాపల్లి నుంచి కబురు వచ్చిందట, పుట్టింట్లో మా అమ్మకు నొప్పులని. నాన్న దిగి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నేను పుట్టాను.

నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక వచ్చిన ఆదివారం, 1996 ఫిబ్రవరిలో, ఆ కన్నం మూసి రావడానికి బయల్దేరాను. నేను గుమాస్తాను. తాపీ పట్టడం చిన్నప్పుడు సెలవుల్లో నేర్చుకున్నంతే. నాన్న తాపీ గుడ్డలో చుట్టుకున్నాను. పెరటి తొట్టిలో ఆయన నానబెట్టి ఉంచిన సున్నం కొంత కేరియర్ గిన్నెలోకి తీసి, పైన నీళ్ళు పోశాను. నీళ్ళ కింద ఉన్నంతకాలం సున్నం గట్టిపడదని ఆయనే చెప్పేవారు.

ఆరూ ఇరవైకి విశాఖ కాంప్లెక్సులో చోడవరం బస్సు ఎక్కాను. అనకాపల్లిలో ఒక రైతు పక్కన కూర్చున్నాడు. కాసేపు నా ఒళ్ళో గిన్నె వైపు చూసి, "కూరేటి బాబూ?" అన్నాడు.

"సున్నం."

"అంత సున్నమా! తమలపాకులు బండి మీదొస్తన్నాయేటి?" అన్నాడు. వెనక సీటు వాళ్ళూ నవ్వారు. చాలా రోజుల తరవాత నాకూ నవ్వు వచ్చింది.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బండ్ల వెనక బస్సు నడక వేగంతో కదిలింది. ఎనిమిదిన్నరకు చోడవరం. బస్టాండు ఎదుట రెండు ఇడ్లీ, టీ. రాత్రి ఉండాలనుకునేవారికి ఊళ్ళో లాడ్జీ దొరుకుతుంది. తొమ్మిదీ పదికి చీడికాడ బస్సు. నాన్న చెప్పిన గుర్తుల ప్రకారం చీడికాడకు రెండు స్టాపుల ముందు దిగి, చెరకు తోటల మధ్య మట్టిదారిలో పావుగంట నడవాలి.

పాక అని పేరే గాని అది ఇటుక కట్టడం. ఒకటిన్నర ఇటుక మందం గోడలు, పైన నాటు పెంకులు. పడమటి గోడలో పై సగమంతా ఇటుకల జాలీ, పాకం ఆవిరి పోవడానికి. పొయ్యి నోటి మీద కమాను. అందులో చెరకు పిప్పి ఎగదోసి మంట పెట్టేవారు. ఇటుకలు ఇప్పటివాటికన్నా పల్చన, ఆ పొలం మట్టితోనే అక్కడే కాల్చినవి. చెరకు ఫ్యాక్టరీకి పోవడం మొదలయ్యాక పొయ్యి ఆరిపోయింది. ఇప్పుడు లోపల పశువుల మేత, పాకం కాచే పాత పెనం ఉన్నాయట.

మూసిన కన్నాలు సున్నం రంగు తేడాతో తెలుస్తున్నాయి. వాటిని లెక్కపెడుతూ మూడు గోడలు తిరిగాను. తెరిచి ఉన్నది కనిపించలేదు. నాలుగో గోడ దగ్గరికి వచ్చేసరికి అరవై ఏళ్ళ ఆవిడ మేత కోసం గంప పట్టుకుని వచ్చింది. పేరు పైడమ్మ, ఆ ఇంటి కోడలు. తలుపు పక్కన, తల ఎత్తున, గోడలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది.

నేను వెతుకుతున్న కన్నం అది.

ఎందుకొచ్చానో చెప్పాను. గిన్నె మూత తీసి చూపించాను.

"మూసేత్తావా?" అంది. "మరి తాళం ఎక్కడెట్టుకోమంటావు? నీ జేబులోనా?"

"నాన్న చివరిదాకా అదే తలుచుకున్నారమ్మా. వదిలేసి వచ్చానని."

"వదిలీలేదు బాబూ, మల్లీ వచ్చేడు సాయిబు. మరుసటేడు, బెల్లం వండతన్న రోజుల్లోనే. సున్నం కూడా తెచ్చేడు. అప్పటికే మా అత్త తాళం ఇందులో ఎడతంది. 'ఉండనీ సాయిబూ, బాగుంది' అంది. సాయిబు నవ్వీసి, లోపల చెయ్యి గీసుకోకుండా సున్నం రాసి, నున్నగా రుద్దేడు."

నాన్న ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అనుకోలేదేమో. ఆఖరి జ్వరంలో ఆ రెండో రాక చెరిగిపోయి, మొదటి రోజు మాత్రం మిగిలింది.

పైడమ్మ నన్ను పరీక్షగా చూసింది. "భుజం మీద గుంటణ్ణి ఎక్కించుకొచ్చేడు. పొయ్యికాడికి ఎలిపోతాడని నేనే ఎత్తుకున్నాను. ఒకటే ఏడుపు. పాకం అరిటాకు మీదేసి, ఊది ఊది నోట్లో ఎట్టేను. ఆడికి అన్నదమ్ములున్నారా?"

"లేరమ్మా. నేనొక్కణ్ణే."

"అయితే నువ్వే. ఇంత బతుకు బతికి మల్లీ సున్నం అట్టుకొచ్చేవా!" అని నవ్వింది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆవిడ మేత తీసేదాకా ఆగి, కన్నంలో చెయ్యి పెట్టాను. అడుగున తాళంచెవి రాపిడికి ఇటుక గుంట పడింది. పక్కలు ఇంకా నున్నగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. చెయ్యి తియ్యడానికి కొంతసేపు పట్టింది.

"ఎండలు ముదిరేక పాక ఇప్పేత్తారట మావోళ్ళు," అంది పైడమ్మ తాళం వేస్తూ. "రోడ్డు మీద ఇల్లు కడతారు. ఇటికలు పునాదిలోకి పనికొత్తాయట." తాళంచెవి మళ్ళీ కన్నంలో పెట్టింది. చూడాలనుకునేవారు మార్చిలోగా వెళ్ళాలి.

మజ్జిగ తాగి రోడ్డెక్కాను. ఒంటిగంటా నలభైకి బస్సు, చోడవరంలో భోజనం, మూడింటికి విశాఖ బస్సు. కిటికీ పక్క సీటే దొరికింది. దారి పొడుగునా పొలాల్లో అలాంటి పాకలు ఇంకా నాలుగైదు కనిపించాయి, రెండింటికి కప్పు లేదు. పొద్దున ఇదే దారిలో వచ్చినా అవి నా కంట పడలేదు. ఆ గోడలు ఎవరు కట్టారో, పని మధ్యలో ఎవరిని ఏ కబురు పిలిచిందో అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు. నాన్నను అడిగితే కొన్నయినా తెలిసేవి. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నేను అడగలేదు.

ఇంటికి వచ్చి గిన్నె మూత తీశాను. దారి కుదుపులకు నీళ్ళు ఒలికిపోయి, సున్నం మీద సన్నటి పొర కట్టడం మొదలైంది. ఇంక దానితో పని లేదు. అయినా ఒక చెంబెడు నీళ్ళు పోసి మూత పెట్టాను.