ఒక అంగుళం వదులు

ఆ రోజుల్లో నా తొడలకు సరిపోయే ప్యాంటు ఖమ్మం బజారులో ఏ షాపులోనూ దొరికేది కాదు. తొడకు పట్టిన ప్యాంటు నడుము దగ్గర గోనెసంచిలా ఉండేది. నడుముకు సరిపోయినదైతే మోకాలు దాటి పైకి వచ్చేదే కాదు. (ఇప్పుడు నా కష్టం సరిగ్గా దానికి తిరగబడింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.) ఆగి ఉన్న కారు కనబడితే చాలు, దాని అద్దంలో భుజాలు చూసుకుంటూ తిరిగిన ఆ మహానుభావుణ్ణి నేనేనంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. షాపు బట్టలు పట్టవు కాబట్టి నా బట్టలన్నీ, నేను బాడీబిల్డింగ్ చేసే జిమ్ము కింద చిన్న కొట్టులో కూర్చునే టైలర్ చాచా కుట్టేవాడు. వాళ్ళ తాత కాలం నుంచీ వాళ్ళింట్లో అదే పని. చాచాకు ఒక నియమం ఉండేది. ఎవరి కొలత తీసినా ఒక అంగుళం వదులు కలిపేవాడు, అది చాలదన్నట్టు మరో రెండు అంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టేవాడు. "రేపు లావైతే మళ్ళ నా దగ్గరికే వస్తవు గదా బేటా. అప్పుడు గదే రంగు గుడ్డ యాడికెళ్ళి తేవాలె?" అనేవాడు.

అప్పటికి ఆరేళ్ళుగా నాకున్నది ఒకటే పిచ్చి, ప్రో కార్డు. జిల్లా పోటీల్లో, రాష్ట్ర పోటీల్లో ఎన్ని కప్పులు గెలిచినా మనం అమెచ్యూర్లమే. ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే ఫలానా పెద్ద పోటీలో అందరినీ దాటి మొదట నిలబడాలి, అప్పుడు చేతికి ఆ కార్డు ఇస్తారు. నేను రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ "కండ ఉంది, బిగువు లేదు" అనిపించుకుని వచ్చాను. వేంసూరులో మాకు పామాయిల్ తోట ఉంది. నాయన ఒక్కడే చూసుకునేవాడు. "కండలు పెంచుతున్నవు, బాగనే ఉంది. ఆ కండలతోటి ఒక్క గెల కోసినవారా ఎన్నడన్న?" అని అడిగితే నేను సంచి సర్దుకుని ఖమ్మం బస్సెక్కేవాణ్ణి. చివరికి ఒకరోజు ఆవేశంలో, "ఈసారి కార్డు రాకపోతే జిమ్ము మాట ఎత్తను, వచ్చి తోట చూసుకుంట" అని మాటిచ్చేశాను. నాయన వెంటనే నా పేరు మీద కొత్త గెలల కత్తి ఒకటి చేయించి గోడకు తగిలించాడు. ఊరికెళ్ళినప్పుడల్లా అది నా వైపే చూస్తూ ఉండేది.

పోటీలో ఒంటి మీద ఉండే ఒకే ఒక్క గుడ్డ, పోజింగ్ ట్రంకు అనే గోచీలాంటి చెడ్డీ, అది కూడా తనే కుడతానని చాచా పట్టుబట్టాడు. అది ఎంత ఉంటుందో చేత్తో చూపిస్తే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "అరె, నేను దిండు గలేబులు కుట్టినంక మిగిలే ముక్క గంత ఉంటది గదరా! దీనికి జేబు యాడ పెట్టాలె?" అన్నాడు. జేబు ఉండదని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. కొలతలు తీసేనాటికి నేను ఆఫ్ సీజన్‌లో ఉన్నాను, అంటే బాగా తిని దున్నలా ఉన్నాను. దాని మీద చాచా తన అంగుళం వదులు యథావిధిగా కలిపాడు.

ఆ తర్వాత జూలూరుపాడు అవతల అడవి అంచున ఒక హాస్టల్లో కాంట్రాక్టు మీద ఆటల సారుగా వెళ్ళి మూడు నెలలు ఖమ్మం మొహం చూడలేదు. పోటీకి ఒళ్ళు కరిగించాలని పొద్దున్నే అడవి బాటలో రెండు గంటల నడక, రోజంతా ఉడికించిన కోడిగుడ్ల తెల్లసొన, ఉప్పులేని కోడిమాంసం. దవడలు లోపలికి పోయాయి. తునికాకు కోతకు పోయే ఆడవాళ్ళు నన్ను చూసి ఆగేవాళ్ళు. ఒకామె తన సద్దిగిన్నె మూత తీసి, "సారూ, నీకు ఎవలూ లేరా? ఇంత జొన్న గటక తాగు" అంది. గటక వాసనకి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆమె నేను జబ్బుతో ఏడుస్తున్నాననుకుని మర్నాడు నన్ను దవాఖానాకు తీసుకుపోవడానికి కొడుకుని పంపింది.

పోటీ హైదరాబాదులో. ఖమ్మం స్టేషన్‌కు చాచా ట్రంకును పాత పేపర్లో చుట్టి పట్టుకొచ్చాడు, "నా కుట్టు నా కళ్ళతోటి స్టేజీ మీద చూడాలె" అంటూ తనూ రైలెక్కాడు. నాయన కూడా వచ్చాడు (మాటిచ్చిన కొడుకు దారిలో పారిపోకుండా అనుకుంటాను). రైల్లో ఒకసారి వేసుకుని చూస్తానంటే చాచా మొహం చిన్నబోయింది. "ఇరవై ఏండ్ల సంది నీకు కుట్టిన. ఇప్పుడు అనుమానమొచ్చిందా?" అన్నాడు. పొట్లం అలాగే సంచిలో పెట్టేశాను. (ఆయన నాకు కుట్టింది నాలుగేళ్ళే.)

హాలు వెనక గదిలో ఒంటికి రంగు పూశారు. స్టేజీ దీపాల కింద కండ కనబడాలంటే నల్లగా నిగనిగలాడాలి. అది చూసి నాయన నా చేయి పట్టుకుని గోటితో గీకి చూశాడు. "మీ అమ్మ పెండ్లికి ముందు నెల దినాలు పసుపు పూసుకున్నదిరా. నువ్వేంది, కోరి కోరి బొగ్గు పూసుకుంటున్నవు?" అని, ఇంకేం చూడాల్సి వస్తుందోనన్న భయంతో వెళ్ళి జనంలో కూర్చున్నాడు. తోడు ఒక్కరే ఉండొచ్చు కాబట్టి చాచా నా దగ్గరే ఉన్నాడు. నేను ట్రంకు వేసుకున్నాను. చేయి వదిలాను. అది తాపీగా కిందికి బయలుదేరింది.

ఇద్దరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. "యా అల్లా! నడుమేది బేటా? నడుము యాడ పెట్టొచ్చినవ్?" అన్నాడు చాచా, నేనేదో బస్సులో మర్చిపోయి వచ్చినట్టు. చొక్కా కాలరుకు గుచ్చుకున్న సూది తీసి కుడివైపు గబగబా మడిచి కుట్టేశాడు. ఎడమవైపుకు రాబోతుండగానే మా వరసను పిలిచారు. ఆ ఎడమవైపే నా నంబరు బిళ్ళ, దాని బరువొకటి! "చాచా!" అన్నాను. "బిగబట్టు బేటా! ఊపిరి కాదు, వెనకది బిగబట్టు!" అని నన్ను స్టేజీ మీదికి తోశాడు.

ఆ ఇరవై నిమిషాలు నేను పిరుదులతో గుడ్డ పట్టుకుని నిలబడ్డాను. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు. పోజుకీ పోజుకీ మధ్య మిగతా వాళ్ళందరూ కొంచెం వదులవుతారు, వెనక వరసలో నిలబెట్టినప్పుడు గాలి పీల్చుకుంటారు. నేను వదలలేదు. వదిలితే ఏమవుతుందో నాకూ, గోడచాటున రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్న చాచాకూ మాత్రమే తెలుసు. తొడలు వణికాయి, నడుము కింద నాకే తెలియని కండరాలు తాళ్ళలా లేచాయి. వీపు చూపించమన్నప్పుడు జడ్జీల బల్ల దగ్గర ఏదో గుసగుస. అయిపోయింది, జారింది, అనుకున్నాను. కళ్ళ ముందు గెలల కత్తి కనబడింది.

తర్వాత మైకులో నా నంబరు వినబడింది. మొదటి స్థానం. నా పక్కవాడు నన్ను కావలించుకుంటే, నేను వాడి కంటే ముందు నా ట్రంకును కావలించుకున్నాను. పెద్ద జడ్జి, "వెనక వరసలో కూడా ఒక్క క్షణం బిగువు వదలనివాడు ఇతనొక్కడే. ప్రొఫెషనల్ అంటే ఇలా ఉండాలి" అని అందరికీ చెప్పాడు. గెలిచినవాడు రెండు చేతులూ ఎత్తాలి. నేను ఒకటే ఎత్తాను, రెండోది ఎడమ నడుము మీద ఉంది. ఆ ఫోటోయే పేపర్లో పడింది. ఖమ్మం జిమ్ముల్లో కుర్రాళ్ళు దాన్ని నా స్టైలనుకుని ఇప్పటికీ ఎడమ చేయి నడుము మీద పెట్టి ఫోటోలు దిగుతారు. నేను కాదనలేదు.

బయటికొచ్చి కార్డు చూపిస్తే నాయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "నేనేం చూడలేదురా. నువ్వు అడుగు పెట్టంగనే జారుతున్నదని తెల్సింది. కండ్లు మూసుకున్న. భద్రాద్రి రామయ్యా, కార్డు సంగతి నీ ఇష్టం, నా కొడుకు గుడ్డ నిలబెట్టు, వానితోటి తలనీలాలు ఇప్పిస్త అని మొక్కిన" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. ఆ మూడు నెలల ఆకలీ, ఆరేళ్ళ పిచ్చీ అక్కడ ఆయన భుజం మీద కరిగి, ఆయన తెల్లచొక్కా అంతా నల్లరంగైంది. వారం తిరక్కుండా భద్రాచలంలో గుండు కొట్టించుకున్నాను. గెలల కత్తితో నాయనే గెలలు కోసుకున్నాడు. ఊళ్ళో మాత్రం మొక్కు కార్డు కోసమేనని చెప్పాడు.

ప్రోల మధ్య నేను ఒక్కసారే నిలబడ్డాను. నా వెనక ఎవరూ లేరు, చివరి స్థానం నాదే. ఇప్పుడు ఖమ్మంలోనే, ఖానాపురం హవేలిలో నాదొక చిన్న జిమ్ము, గోడ మీద ఫ్రేములో ఆ కార్డు. మొన్న జిమ్ము పిల్లలు వార్షికోత్సవానికి ఒక్క పోజు ఇవ్వమని ప్రాణం తీస్తే, ట్రంకు బీరువాలోంచి తీశాను. తొడల దాకా బాగానే వచ్చింది, నడుము దగ్గర ఆగిపోయింది. దాన్ని పేపర్లో చుట్టుకుని చాచా దగ్గరికి వెళ్ళాను. కళ్ళద్దాలు మందమయ్యాయి గానీ మనిషి అక్కడే, అదే మిషను ముందు ఉన్నాడు. ట్రంకును చూసి గుర్తుపట్టి, నా పొట్ట చూసి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. లోపల మడిచిన గుడ్డ బయటికొచ్చింది. రంగు కూడా వెలవలేదు.

అక్కడే వేసుకుని చూశాను. అలవాటు కొద్దీ బిగబట్టాను. అవసరమే లేదు, చక్కగా సరిపోయింది. "ఇంకో అంగుళం ఉన్నది బేటా. అదిగూడ విప్పాల్నా?" అన్నాడు చాచా. అద్దంలో ఎడమ చేయి తనంతట తానే నడుము మీదికి పోయి ఉంది.

"ఉండనియ్యి చాచా," అన్నాను, "మళ్ళ వస్త గదా."