జోన్ పేజీలో స్వప్న

2022 వానాకాలం. జగిత్యాలలో మా పత్రిక ఆఫీసంటే రెండు కంప్యూటర్లు, కారే స్లాబు. ‘క్రీడా చరిత్రలో ఈ రోజు’ అనే శీర్షిక హైదరాబాద్ నుంచే తయారై వచ్చేది. ఇదే తేదీన ఎవరు సెంచరీ కొట్టారో, ఏ దేశం కప్పు గెలిచిందో అందులో ఉండేది.

ఒక మధ్యాహ్నం కోరుట్ల నుంచి రాజవ్వ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. టేబుల్ మీది పేపర్లో ఆ శీర్షికపై వేలు పెట్టింది.

“సార్, గిండ్ల నా బిడ్డ స్వప్న పేరు ఎయ్యుండ్రి. అచ్చే సోమారానికి మూడేండ్లు, స్టేట్ల ఖోఖో కప్పు కొట్టింది.”

“అందులో పెద్ద పెద్దవాళ్ల సంగతులే వస్తాయమ్మా.”

“నా బిడ్డ ఆడింది ఆట గాదా సార్?”

స్వప్నకు మోకాలి లిగమెంట్, అంటే కీలు దగ్గర ఎముకలను కలిపి ఉంచే పట్టీ, తెగిందట. తొందరగా ఆపరేషన్ చేయకపోతే కుంటు తప్పదని డాక్టర్ చెప్పినా ఒప్పుకోవడం లేదట.

“‘నేను ఆడినట్టు ఎవలకు యాదికున్నది? ఇగ కాలు బాగైతే ఏంది?’ అంటది సార్. పేపర్ల సూత్తెనన్న దవఖానకు అత్తదేమో” అని కొంగు నోట్లో కుక్కుకుంది.

హెడ్డాఫీసును అడిగితే నవ్వి ఫోన్ పెట్టేశారు. ఒళ్లు మండిపోయింది. చివరికి మా జోన్ పేజీలో, అంటే ప్రాంతాన్ని బట్టి మారే పేజీలో, అదే శీర్షికతో బాక్స్ కట్టి, ఫొటో పెట్టి వేశాను.

సోమవారం సాయంత్రం రాజవ్వ ఫోన్ చేసింది. స్వప్న ఉండేది సిరిసిల్లలో, చిన్నమ్మ ఇంట్లోనట! ఆ సంగతి ఆమె చెప్పలేదు, నాకూ తట్టలేదు. సిరిసిల్లకు వెళ్లేది వేరే జోన్ పేజీ.

“‘నీ పేరు అత్తది’ అని బిడ్డకు నిన్ననే ఫోన్ల చెప్పిన సార్. పొద్దుగాల్నే పేపర్ తెప్పిచ్చుకొని మొత్తం సూసిందట, లేదు. నేను బస్సెక్కి పోయి మన కోరుట్ల పేపర్ సూపెడితే నమ్మలే. ‘నన్ను దవఖానకు తోల్కపోతందుకు ప్రెస్సుల కొట్టిచ్చినవా అమ్మా’ అన్నది. పొయిల పెట్టింది సార్.”

మర్నాడే సిరిసిల్ల వెళ్లాను. పేజీలు ఎలా మారతాయో రెండు పేపర్లూ పక్కపక్కన పరిచి చెప్పాను. స్వప్న నా మొహం కూడా చూడలేదు.

“పోనీయుండ్రి సార్. అమ్మ ఏడ్సుడు సూడలేక మీరు గుడ గింత దూరం అచ్చిండ్రు.”

ఆపరేషన్ చేయించుకోలేదు. ఇప్పుడు కుంటుతూ నడుస్తుంది.

పేరు వేయమని ఎవరొచ్చినా నేనిప్పుడు మొదట అడిగేది ఒక్కటే: చదవాల్సిన మనిషి ఏ ఊళ్లో ఉన్నారు?