కవరు తీయని తాతయ్య

తాతయ్య ఏ వస్తువుకూ కవరు తీయడు. రిమోటు కవరులోనే ఉంటుంది, తొమ్మిదేళ్ల ఫ్రిజ్ తలుపుకు కొన్ననాటి పొర అలాగే ఉంది. అలాంటివాడు, పాత డిస్కు తీసేసి, షాపువాడు సాఫ్ట్‌వేరంతా ఎక్కించి ఇచ్చిన కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కును కంప్యూటరులో స్వయంగా బిగించాడు. మీట నొక్కితే, డిస్కే లేదంది తెర. మూడుసార్లు విప్పి బిగించాడు, పక్కన రెండు చరిచాడు కూడా.

"మెకానిక్‌కు ఫోన్ చేశా, వస్తున్నాడు," అంది అమ్మమ్మ.

"నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసినవాణ్ణి. నా పరువు తీశావు కదే!"

అమ్మమ్మ డిస్కును బయటికి లాగి, దాని కొసన కంప్యూటరుకు తగిలే పసుపు లోహపు పళ్ల మీద మెరుస్తున్న టేపును గోటితో పీకింది.

"ఇదేంటండీ?"

"దుమ్ము పడకుండా నేనే అంటించాను."

తిరిగి బిగించి మీట నొక్కితే, ఈసారి కంప్యూటరు బుద్ధిగా లేచింది. తాతయ్య చటుక్కున ఫోనందుకుని, "రానక్కర్లేదయ్యా, చిన్న లోపమే, పట్టేశాను," అంటూ ఆ టేపును మడిచి జేబులో దాచాడు. పాత డిస్కుకు పనికొస్తుందట.