మందు కొట్టని సాళ్ళు

మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయని గద్వాల దగ్గరి వడ్డేపల్లి నుంచి కబురు రాగానే బయలుదేరాను. తొంభైల మొదట్లో మాట. అప్పుడు నేను హైదరాబాదులో మొక్కల తెగుళ్ళ మీద పరిశోధన చేస్తున్నాను. ఒక పుట్టగొడుగును పెంచి దాని నుంచి తీసిన రసం, కుండీల్లోని మిరప మొక్కలకు వైరస్ సోకకుండా కాపాడింది. పొలంలో కాపాడుతుందో లేదో తెలియదు. వేడి తగిలితే ఆ రసం చెడిపోతుంది. ఐసు డబ్బాలో సీసాలు సర్దుకుని పొద్దుటి బండెక్కాను.

వనపర్తి రోడ్డు స్టేషన్లో ఇంజను చెడి బండి చాలాసేపు ఆగిపోయింది. అటు వెళ్ళేవారు తాగే నీళ్ళు వెంట ఉంచుకోవాలి. ఐసు కరిగి డబ్బా నుంచి నీళ్ళు కారుతుంటే డబ్బాను ఎండ తగలని వైపుకు జరిపాను. ఎదుటి సీట్లో గద్వాల చీరలు నేసే ఆవిడ అడిగింది: "ఏందమ్మా అది, పాలా?"

"పుట్టగొడుగుతో చేసిన మందమ్మా, మిరప తోటకు."

"గిట్ల గూడ ఉంటదా!" అంటూనే పాత గుడ్డ తడిపి డబ్బాకు చుట్టింది.

గద్వాలలో దిగి, నాలుగు ఇడ్లీలు తిని, బస్సులో వడ్డేపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కబురు పంపిన రైతు హుస్సేన్ చాచా తోట దగ్గరే ఎదురుచూస్తున్నాడు.

"ముందు రోగమొచ్చిన చెట్లకు కొట్టు బిడ్డా."

"వాటిని ఇది బాగుచేయదు చాచా. పీకెయ్యాలి. ఇంకా సోకనివాటికే కొడతాను." ఇంకా చల్లగానే ఉన్న డబ్బాను గట్టు మీద దించాను. "వాటిలోనూ కొన్ని సాళ్ళు వదిలెయ్యాలి. లేకపోతే మందు పనిచేసిందో లేదో తెలియదు."

"ఒక పిల్లగానికి టీక ఏసి, ఇంకొకన్ని ఇడిసిపెట్టమంటవా?"

ఆయన గట్టు మీద కూర్చుని, పక్క మొక్క ఆకును తిప్పి చూశాడు.

"సరే. ఏవి ఇడిసిపెట్టాల్నో నువ్వే చూపెట్టు. నా నోట రాదు."

సాళ్ళ చివర పుల్లలు గుచ్చి చూపించాను.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను. మందు కొట్టిన సాళ్ళలో అక్కడక్కడా తెగులు కనిపించినా, చాలా మటుకు పచ్చగా నిలిచాయి. చాచా మాత్రం నన్ను నేరుగా మందు కొట్టని సాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళాడు. అన్నీ ముడుచుకుపోయాయి.

"ఇగ వీటిని పీకుదామా?" అన్నాడు. ఇద్దరం కలిసి పీకాం.

సాయంత్రం బండిలో, ఆయన కట్టిచ్చిన పచ్చిమిరపకాయల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మందు పనిచేసింది. పక్కవాళ్ళు ఏ ఊరు, ఏం పని అని అడిగారు. మిరప తోట చూసొస్తున్నానని మాత్రమే చెప్పాను.