క్యాంపులో రూబేను

ఏటా మే నెలలో చల్లపల్లి దగ్గర జరిగే చర్చి పిల్లల క్యాంపుకు గుణదల నుంచి రూబేను భార్యాబిడ్డలతో సహా సేవకు వెళతాడు. గవర్నర్‌పేటలో ఫ్యాన్ల షాపులో సేల్స్‌మన్ అతను. క్యాంపులో తెల్లచొక్కా చేతులు మడిచి, మెడలో విజిల్ వేసుకుని, ఇంటిమీద బెంగతో ఏడ్చే పిల్లల ముందు మోకాళ్ల మీద కూర్చుని ముక్కులు తుడుస్తాడు. ఆ మెత్తటి గొంతు వంటపందిట్లోకి వినిపించినప్పుడల్లా కత్తిపీట మీద అతని భార్య సలోమి చెయ్యి ఆగిపోతుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె ఇంట్లో ఆ గొంతు వినలేదు. "మీ ఆయనెంత మంచోడమ్మా! పెట్టి పుట్టావు," అంటారు తోటి ఆడవాళ్లు. సలోమి నవ్వి మళ్లీ కూర తరుగుతుంది.

ఈ ఏడు భోజనాల దగ్గర ఒక పిల్లవాడు కాలు జారి, పళ్లెంలో సాంబారంతా రూబేను చొక్కా మీద ఒలకబోసి బిక్కచచ్చిపోయాడు. రూబేను పకపకా నవ్వాడు. "ఏం కాదు నాన్నా, చొక్కాదేముంది, ఉతికితే పోద్ది. నీకు కాల్లేదు కదా?" అంటూ వాణ్ణి ఎత్తుకున్నాడు. వరుసలో నిలబడి కూతురు కెజియా అంతా చూసింది. పరీక్షలప్పుడు పాలగ్లాసు ఒలికించినందుకు ఆ పిల్ల చెంప మీద అతని వేళ్లు తేలాయి. ఆ వాపు తగ్గేదాకా సలోమి దాన్ని గడప దాటనివ్వలేదు.

కెజియా పళ్లెం చాపి మెల్లగా అడిగింది.

"అమ్మా, మనం ఇంటికెళ్లకుండా ఇక్కడే ఉండిపోదామా?"

సలోమి ఆ పళ్లెంలో అన్నం పెట్టి, "తిను తల్లీ, చల్లారిపోద్ది," అని తరవాతి పిల్ల వైపు తిరిగింది.