ఒంటికాలి గిటారు

ఓంప్రకాశ్ చెప్పులు విడిచి గిటారు వాయిస్తాడు. పగలు మగ్గం నేసే మనిషి, సిద్దిపేట పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు వస్తాడు. గిటారు ధ్వనిని మార్చే యాంప్ చానల్‌నూ ఎఫెక్టు పెడళ్లనూ ఒకేసారి మార్చే కాలి స్విచ్చి కొత్తగా కొన్నాడు. తట్టి వదిలితే మెత్తటి ధ్వని గరుకవుతుంది. తొక్కిపడితే గిటారు మూగబోతుంది. మగ్గం కింద తొక్కుడుచెక్క మీద మాత్రం, నూలు మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటేదాకా కాలు తీయకూడదు. ఇరవయ్యేళ్ల ఆ అలవాటుతోనే ఓ పెళ్లిలో మొదటి పాటలో స్విచ్చిని తొక్కిపట్టాడు. గిటారు ఆగింది. పెళ్లివారంతా తలలు తిప్పారు.

“అన్నా, ఇంకోపారి గిట్లయితే మనల్ని స్టేజి దిగుమంటరు,” అంది పాడే శైలజ, మైకు మూసి.

“ఏం జెయ్యాలె చెల్లె, కాలు నా మాట ఇంటలేదు.”

రెండో పాటలో ధ్వని మార్చాల్సిన చోటు రాగానే స్విచ్చిని తట్టి, నిప్పు తొక్కినట్టు కాలు లేపాడు. గిటారు గరగరమంటూ అందుకుంది. పాట ముగిసి చప్పట్లు మోగుతున్నా అతను ఒంటికాలి మీదే నిలబడి ఉన్నాడు.