పెద్ద ఫోటో ఎవరిది

ఎవరు ఏమడిగినా చంద్రరావు ముందు చొక్కా జేబులోని ఫోన్‌ను అరచేత్తో తడుముకుంటాడు. అతను భీమవరం పక్క మండలంలో పార్టీ అధ్యక్షుడు. ఎన్నికల్లో పార్టీ ఓడిపోయింది. పోటీచేసిన నాయకుడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. అతని స్థానంలో ఎవరినీ వేయలేదు. అయినా చంద్రరావు రోజూ ఆఫీసు తెరుస్తాడు, కుర్చీల దుమ్ము దులుపుతాడు, ఫ్యాన్ వేసుకుని ఒక్కడూ కూర్చుంటాడు.

మొన్నటి వానకు కోసిన ధాన్యం తడిసిపోయింది. కౌలుకు చేసే రామతులసి వచ్చి, "తడిసిన ధాన్యం కొనమని మీ పార్టీ అడుగుద్దాండి, అడగదాండి?" అంది. ధర్నా చేద్దామని మాటిచ్చాడు. ఫ్లెక్సీ వేయించడానికి వెళితే దుకాణదారు, "పెద్ద ఫోటో ఎవరిదండి?" అన్నాడు. చంద్రరావు ఫోన్లు చేశాడు. తన ఫోటో లేకపోతే ఊరుకోనన్నాడు ఒక నాయకుడు. ఆ ఫోటో ఉంటే తాను రానన్నాడు ఇంకొకడు. రాష్ట్ర కార్యాలయం వాళ్లు రాష్ట్రానికి కొత్త అధ్యక్షుడెవరో తేలేదాకా ఆగమన్నారు.

"మరి ధాన్యం గురించి జనానికి ఏం చెప్పమంటారండి?"

"అదీ ఆయనొచ్చాకే చూద్దాంలెండి."

సాయంత్రం రామతులసి ఇంటికి వెళ్లి, "కొన్నాళ్లు ఆగమన్నారమ్మా" అన్నాడు.

"ఆగమని ధాన్యానికెవరు చెబుతారండీ?" అంది ఆమె.

మర్నాడు పొద్దున్న అతను ఆఫీసు తెరవలేదు. రోడ్డు మీద రామతులసి ఆరబోసిన ధాన్యం దగ్గర తన చెప్పులు విడిచి, పాదాలు ఈడుస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి గింజలను తిరగేశాడు. అడుగున ఉన్నవి అప్పటికే మొలకెత్తాయి.